వస్తానన్న మాట

లాగ్‌బుక్కులో మొత్తం నలభై మూడు గడులు. బీపీ చూడటం, మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం, పుండు కడిగి కట్టు కట్టడం, మింగలేని వాళ్లకు మందు మింగించడం, ఇలా ఒక్కొక్క పనికీ ఒక గడి, ఆ గడిలో సూపర్‌వైజర్ సంతకం. నలభై రెండు గడులు నిండటం పెద్ద విషయం కాదు, కాస్త చేతులూ కాస్త ఓపికా ఉన్నవాళ్లు ఎవరైనా నింపుకోగలరు. పేచీ అంతా చివరి పేజీలో ఉన్న నలభై మూడో గడితోనే. అక్కడ పని పేరేమీ ఉండదు. ‘ఈమెను రోగుల దగ్గర ఒంటరిగా వదలవచ్చు’ అని ఒక్క వాక్యం, దాని కింద సంతకానికీ తేదీకీ కాస్త చోటు. అది ఖాళీగా ఉండిపోతే ఆస్పత్రిలో చేసే ఆరు వారాల ఫైనల్ ప్లేస్‌మెంట్ బూడిదలో పోసిన పన్నీరే. మళ్లీ ఆరు నెలలు ఆగి, తర్వాతి బ్యాచ్ పిల్లలతో కలిసి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పిల్లలు అని ఊరికే అనలేదు. ప్రాక్టికల్ నర్సింగ్ కోర్సులో చేరేవాళ్లకు పంతొమ్మిదేళ్లో ఇరవయ్యేళ్లో ఉంటాయి. ఈ కథలో మనిషికి ముప్పై ఎనిమిది. చేరిన మొదటి రోజే ఎవరో ‘అక్కా, ఈ బెంచీ ఖాళీయేనా’ అని అడిగారు, అంతే, అదే పేరైపోయింది. పాఠాలు చెప్పేవాళ్లు కూడా హాజరు పట్టీలో పేరు వదిలేసి అక్క అనే పిలిచేవారు. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. అంతకుముందు పద్నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. కాలర్లు మాత్రమే. తను కుట్టిన చొక్కా మొత్తంగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే రోడ్డు మీద ఎవరి ఒంటి మీదో చూడాల్సిందే.

ఆమెను ఈ చదువులోకి తోసింది అత్తగారు. ఆవిడకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పుడు అక్క మొదట్లో రోజూ ఫ్యాక్టరీకి పరుగెత్తి వస్తూ, తర్వాత నాలుగు నెలలు పూర్తిగా సెలవు పెట్టి చూసుకుంది. లేచి నడిచిన రోజున అత్తగారు మనవరాలిని కూర్చోబెట్టుకుని కోర్సు దరఖాస్తు తెప్పించారు. స్వాధీనంలోకి వచ్చీ రాని ఆ కుడిచేత్తోనే అంతా నింపారు. కోడి కెలికినట్టున్న ఆ అక్షరాలను కాలేజీవాళ్లు ఎలా చదివారో వాళ్లకే తెలియాలి. నన్ను నడిపించిన దానివి, ఊళ్లోవాళ్లను నడిపించలేవా అన్నది ఆవిడ వాదన.

ప్లేస్‌మెంట్ ఎముకల వార్డులో పడింది. మూడో అంతస్తు, పన్నెండు మంచాలు, అరచేత్తో ఒక్కటి చరిస్తే తప్ప మూసుకోని లిఫ్టు. సూపర్‌వైజర్ పేరు కొలబద్ద. అమ్మా నాన్నా పెట్టిన పేరు వేరే ఉంటుంది గానీ, దాన్ని వాడినవాళ్లను ఆ అంతస్తులో ఎవరూ చూడలేదు. మంచం ఎత్తు, రోగి తల ఎత్తు, నీళ్ల గ్లాసుకూ చేతికీ మధ్య దూరం, అన్నీ ఆవిడ కంటితోనే కొలిచేవారు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆవిడ నోట ‘బాగుంది’ అన్న మాట విన్నవాళ్లు లేరు. పని చక్కగా చేస్తే ‘ఊఁ’ అనేవారు. ఆ ‘ఊఁ’ కోసం ఆడపిల్లలు దుప్పటి మడతలు మూడుసార్లు సర్దుకునేవారు, అక్క అయిదుసార్లు సర్దేది.

అయిదో వారానికి అక్క లాగ్‌బుక్కులో నలభై రెండూ నిండాయి. కాలేజీవాళ్లు చెప్పిన కబురేమిటంటే ఆ వార్డులోనే ఒక ఉద్యోగం ఖాళీ ఉందని, చివరి గడి నిండితే అక్కనే అడుగుతారని. ఇంట్లో ఈ ముక్క ఎవరికీ చెప్పకూడదనుకుని, చెప్పులు విడుస్తూనే చెప్పేసింది.

ఏడో నంబరు మంచంలో ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఉండేవారు. డెబ్బై రెండేళ్లు. తుంటి కీలు మార్చారు. తాతా అంటే పలికేవారు కాదు, బాబాయ్ అంటే కళ్లు తెరిచేవారు. ముప్పై మూడేళ్లు ఒకే రూట్‌లో బస్సు తోలిన మనిషి కాబట్టి ఆయనకు లోకమంతా టైం టేబులే. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వస్తే ‘నాలుగు నిమిషాలు లేటండీ’ అని మొహం మీదే అనేవారు. అక్కంటే అభిమానం. వాకర్ పట్టుకుని నడిచేటప్పుడు పక్కన ఆమె ఉంటే చాలు, బాత్రూం దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లొచ్చేవారు. ఎవరైనా తోడుంటేనే నడవాలని, లేవాలనిపిస్తే బెల్ నొక్కాలని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నారు.

ఆ గురువారం మధ్యాహ్నం రెండు కావడానికి అయిదు నిమిషాలుంది. డ్యూటీ దిగేముందు అక్క అలవాటు ప్రకారం ఒక్కో మంచం దగ్గరా ఆగి చెప్పి వెళ్తోంది. డ్రైవరు గారు కాసేపయ్యాక బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందేమో అన్నారు. అక్క అప్పటికే పెన్ను జేబులో పెట్టేసింది. సగం చెవితో విన్నది. ‘అలాగే బాబాయ్, వస్తాను’ అని నవ్వి, డ్యూటీ అప్పగించి, లిఫ్టుని ఒక్కటి చరిచి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. వెళ్లేవాళ్లు వెళ్తానంటే పెద్దలు నొసలు చిట్లిస్తారు. ‘వస్తాను’ అని చెప్పి వెళ్లడమే మనకు మర్యాద. మాటలు వచ్చినప్పటి నుంచీ మనమంతా వస్తానని చెప్పి వెళ్లిపోతున్నవాళ్లమే. నిలబడి విన్నవాడు దాన్ని మర్యాద అనుకుంటాడు. మంచం మీద పడుకుని, బాత్రూంకి వెళ్లాలని అప్పుడే అడిగినవాడు ఏమనుకుంటాడో అక్కకు తట్టలేదు. తట్టాల్సింది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి డ్యూటీ అప్పగింతలో సంగతి తెలిసింది. ఏడో నంబరు పేషెంటు నిన్న నాలుగూ పదికి తనంతట తనే లేచి, బాత్రూం గుమ్మం దగ్గర పడ్డారు. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఎక్స్‌రేలో తుంటి కీలు భద్రంగానే ఉంది, అదే నయం. కానీ అప్పటి నుంచీ ఆయన మంచం దిగనంటున్నారు. సాయంత్రం ఎక్కి పొద్దున్న దిగే డ్యూటీ ఆయమ్మ ఇంటికి వెళ్లకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తను రెండుసార్లు వెళ్లి ఏమైనా కావాలా అని అడిగిందట. అక్కర్లేదు, మనిషి వస్తున్నారు అన్నారట. ఇంటి దగ్గర నుంచి ఎవరో వస్తున్నారు కాబోలు అనుకుందట. ఆ మనిషెవరని కొలబద్ద అడిగారు. ఎవరికీ తెలియదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అక్కడున్న ప్రతి ఒక్కరూ తన డ్యూటీ ఎన్నింటికి అయిందో గబగబా చెప్పుకున్నారు. అక్క కూడా చెప్పింది. రెండింటికి.

తర్వాత బీపీ చూడటానికి ఏడో నంబరు దగ్గరికి వెళ్లింది. డ్రైవరు గారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి మాత్రం చాపారు. బెల్ ఎందుకు నొక్కలేదు బాబాయ్ అని అక్క అడిగింది.

“నువ్వు వస్తానన్నావు కదమ్మా. చూశాను. ఏదో పని తగిలి ఉంటుందిలే అనుకున్నాను. బెల్ నొక్కితే ఇంకెవరో వస్తారు, నువ్వు రాలేదేమని నీకు మాట వస్తుంది. చదువుకునే మనిషివి. రెండు గంటలు ఆపుకున్నాను, ఇంక నావల్ల కాలేదు.”

అక్క బీపీ పట్టీని ఆయన చేతికి తిరగేసి చుట్టింది.

“కంగారుపడకు. ఎవరికీ చెప్పలేదు. నేనే తొందరపడ్డానని చెప్పానులే,” అన్నారాయన, గోడవైపు నుంచే.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇక్కడ ఒకరి నోరు జారితే ఇంకొకరి కాలు జారింది.

వార్డు చివర ఉతికిన దుప్పట్లు పెట్టే చిన్న గది ఉంది. అక్క అక్కడికి వెళ్లి తలుపు దగ్గరికేసి మూట మీద కూర్చుంది. నిజం చెప్పాలంటే మొదట వచ్చిన ఆలోచన గొప్పదేమీ కాదు. ఊరుకుంటే సరిపోతుంది అనుకుంది. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఆయన చెప్పడు, ఇంకెవరికీ తెలియదు. ఇంక ఎనిమిది రోజులు. ఒక్క గడి. ఇంటి దగ్గర అత్తగారు క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటున్నారు. తొమ్మిదో తరగతి కూతురు మందుల పేర్లు అప్పజెప్పించుకుని, తప్పు చెప్తే తల మీద స్కేలుతో తడుతోంది. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే ఇంటాయన ఏడాదిన్నరగా పొద్దున్నే లేచి వంట చేస్తున్నాడు. ఉప్పు ఎక్కువైనా ఎవరూ కిక్కురుమనడం లేదు. వీళ్లందరికీ ఏమని చెప్పడం?

కానీ నర్సుల గది గోడకు ఒక పద్ధతి రాసి ఉంది. సూచన పాటించని రోగి అని చార్టులో పడితే మంచానికి రెండువైపులా కంచె ఎత్తుతారు. ఇంక ఏ అవసరానికీ దిగనివ్వరు, అన్నీ మంచం మీదే. భయపడిన మనిషి చుట్టూ కంచె కడితే ఆయన మళ్లీ ఎప్పుడు నడుస్తాడు? ఆపైన ఆయమ్మ సంగతి. ఆమె ఇంకా ఆ గోడ దగ్గరే ఉంది, తప్పు నీది కాదని ఎవరు ఇంటికి పంపిస్తారా అని చూస్తోంది. అక్క లేచి మొహం తుడుచుకుంది. నేరుగా కొలబద్ద టేబుల్ దగ్గరికి వెళ్లింది.

చెప్పింది. మొదట తడబడి, తర్వాత వరుసగా, పెన్ను జేబులో పెట్టుకోవడంతో సహా. కొలబద్ద తల ఎత్తలేదు. విన్నంతసేపూ చార్టు మీద పెన్ను ఆనించి ఉంచారు. చివరికి ఆయమ్మను ఇంటికి పంపించి, సొరుగులోంచి ఒక ఫారం తీసి ముందుకు తోసి, రాయమన్నారు.

ఫారంలో ‘సంఘటనకు కారణం’ అన్న చోట రెండే గీతలు ఉన్నాయి. అక్క చాలాసేపు ఆలోచించి, క్లాసులో నేర్పిన మాట గుర్తొచ్చి, ‘కమ్యూనికేషన్ గ్యాప్’ అని రాసింది. కొలబద్ద దాన్ని అడ్డంగా కొట్టేశారు.

“గ్యాప్ ఏమిటి, గోడ పగిలిందా? నువ్వు ఏమన్నావో అది రాయి. ఆయన ఏమనుకున్నారో అది రాయి.”

అక్క మళ్లీ రాసింది. ‘డ్యూటీ దిగి ఇంటికి పోతూ వస్తాను అన్నాను. నేను తిరిగి వస్తాననుకుని రోగి రెండు గంటలు ఎదురుచూశారు. ఆయన బాత్రూం సంగతి అడిగినట్టు తర్వాతి డ్యూటీవాళ్లకు నేను చెప్పలేదు.’ చదివితే ఏదో చిన్నపిల్ల రాసినట్టుంది. కొలబద్ద రెండుసార్లు చదివారు. తర్వాత లాగ్‌బుక్ ఇక్కడ పెట్టి వెళ్లమన్నారు. సొరుగు తీసి అందులో వేసి తాళం తిప్పారు. ఆ తాళం చప్పుడుకి అక్క పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ అడక్కముందే చెప్పేసింది. ఇంటాయన పోనీలే అన్నాడు. కూతురు స్కేలు పక్కన పెట్టేసింది. వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతుంటే అత్తగారు మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

“నేను పడిపోయిన కొత్తలో నువ్వు ఫ్యాక్టరీకి పోతూ వస్తానత్తయ్యా అనేదానివి, గుర్తుందా? నేను గుమ్మంవైపే చూస్తూ ఉండేదాన్ని. సాయంత్రం దాకా వచ్చేదానివి కాదు.”

“మరి చెప్పలేదేం అత్తయ్యా?”

“ఏమని చెప్పను? వెళ్తానని చెప్పి వెళ్లమననా? మంచాన పడ్డ మనిషి ప్రతి మాటా నిజమనుకుంటుందమ్మాయ్. పని లేదు కదా, అదే పని.”

అక్కకు ఆ రాత్రి కోపం వచ్చింది. కొలబద్ద మీద కాదు, తన మీద కూడా కాదు. ఇన్నేళ్లూ ఎవరూ తప్పు పట్టని ఆ తియ్యటి మాట మీద వచ్చింది.

శనివారం నుంచి మార్చుకుందామనుకుంది. డ్యూటీ దిగేముందు పన్నెండో నంబరు మంచం దగ్గర ‘వెళ్లిపోతున్నానండీ’ అంది. అక్కడ ఉండేది ఒక రిటైరైన పంతులమ్మ. ఆస్పత్రిలో పడుకున్నవాళ్ల ముందు అనే మాటేనా అది, నోట్లోంచి శుభం అన్నదే రాదా అని ఆవిడ అయిదు నిమిషాలు క్లాసు తీసుకున్నారు. ‘వెళ్తున్నాను’ అంటే అపచారం, ‘వస్తాను’ అంటే ప్రమాదం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్క ఏ మాటా అనకుండా చెయ్యి ఊపి చూసింది. అది ఇంకా అన్యాయంగా ఉంది.

చివరికి దారి దొరికింది. మాటను మార్చలేదు, దానికి టైం తగిలించింది. సాయంత్రం డ్యూటీ ఆయమ్మను చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకొచ్చి, రేపు పొద్దున ఏడింటికి వస్తాను, అప్పటిదాకా ఈవిడ ఉంటారు, బెల్ ఇదిగో అని చెప్పేది. రోగి ఏమడిగాడో ఆయమ్మకు అక్కడే, అతని ముందే అప్పజెప్పేది. ఒక్కో మంచానికి ఒక నిమిషం ఎక్కువ పట్టింది. మొత్తం మీద పన్నెండు నిమిషాలు. తోటి పిల్లలు లిఫ్టు దగ్గర నిలబడి విసుక్కున్నారు, తర్వాత వాళ్లే ఒకరొకరుగా వెనక్కి వచ్చి అలాగే చెప్పడం మొదలుపెట్టారు.

డ్రైవరు గారు మాత్రం మంచం దిగలేదు. వాకర్ చూస్తే కళ్లు మూసుకునేవారు. శనివారం అక్క బతిమాలింది, పలకలేదు. ఆదివారం మంచం అంచున కూర్చోబెట్టింది, కాళ్లు నేలకు ఆనించనన్నారు. మోచేతి కట్టు మారుస్తూ అక్క క్షమించమని అడిగింది. క్షమాపణ కాదమ్మా నాకు కావాల్సింది, పడితే పట్టుకునే మనిషి అన్నారాయన. అంతకంటే ఉన్నమాట ఎవరూ చెప్పలేరు. అక్క ఆ మాట పట్టుకుని ఇంటికి పోయి రాత్రంతా దొర్లింది. సంతకం సంగతి మధ్యమధ్యలో గుచ్చుకుంటూనే ఉంది. అసలా లాగ్‌బుక్ సొరుగులో ఉందో, కాలేజీకి వెళ్లిపోయిందో కూడా తెలియదు. అడిగే ధైర్యం లేదు.

సోమవారం ఆమె వార్డులో ఉన్న ఖాళీ కుర్చీలన్నీ పోగేసింది. మంచం నుంచి బాత్రూం దాకా నాలుగు చోట్ల వేసి, ఇవి మీ స్టాపులు బాబాయ్, ఏ స్టాపులోనైనా దిగిపోవచ్చు, పదింటికి బయల్దేరదాం అంది. ఆయన నవ్వలేదు గానీ కాళ్లు నేలకు ఆనించారు. ఆ రోజు ఒక్క స్టాపు. మంగళవారం రెండు. పది అంటే పదింటికే అక్క వాకర్‌తో హాజరు. ఆయన గోడ గడియారం చూసేవారు, ఆమెను చూసేవారు, లేచేవారు.

బుధవారం పదికి రెండు నిమిషాలు ఉందనగా పంతులమ్మకు వాంతి అయింది. మంచమంతా పాడైంది, ఆవిడ ఏడుస్తున్నారు. అక్క చేతులకు తొడుగులతో, సబ్బు నీళ్లతో ఇరుక్కుపోయింది. గడియారం చూసింది. పది. ఏడో నంబరు కనిపించదు, మధ్యలో గోడ. ఆయన మళ్లీ ఒంటరిగా లేస్తే? అక్క పంతులమ్మ చెయ్యి నిమిరి, రెండు అంగల్లో గుమ్మం దాకా వెళ్లి తల బయటికి పెట్టింది.

“బాబాయ్, పదింటికి రాలేను. పదీ పావుకి వస్తాను.”

ఆయన అప్పటికే మంచం అంచున కూర్చుని వాకర్ మీద చేతులు వేసి ఉన్నారు. చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పదీ పద్నాలుగుకి అక్క వెళ్లేసరికి అలాగే కూర్చుని ఉన్నారు.

“ముప్పై మూడేళ్లు బస్సు తోలాను. లేటైతే లేటని స్టాపులో జనానికి చెప్పినవాడు లేడు. నేనూ చెప్పలేదు,” అన్నారు. మూడు స్టాపులు దాటాక ఆగి ఊపిరి తీసుకుని, నాలుగోది కూడా చూద్దాం పద అన్నారు. అక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఆయన వెనక రెండు చేతులూ చాపి నడుస్తోంది కాబట్టి. కొలబద్ద కారిడార్ చివర నిలబడి ఇదంతా చూశారు. ‘ఊఁ’ అని కూడా అనకుండా వెళ్లిపోయారు.

శుక్రవారం వచ్చింది. ఆఖరి రోజు. డ్రైవరు గారు కుర్చీలన్నీ అడ్డమని తీయించేసి, బాత్రూంకి వెళ్లి వచ్చేశారు. అక్క చెయ్యి తగలనివ్వలేదు. ఇంకో రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామని డాక్టరు చెప్పారు. అక్క సంతోషపడింది, ఆ సంతోషంలోనే భయం కూడా కలిసిపోయింది. పన్నెండున్నరకు కొలబద్ద టేబుల్ దగ్గరికి పిలిచారు. అక్క అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది. ఆరు నెలలు ఆగాల్సి వస్తే ఫ్యాక్టరీలో మళ్లీ తీసుకుంటారా అని దారిలోనే లెక్కలు వేసేసుకుంది.

కొలబద్ద సొరుగు తెరిచి లాగ్‌బుక్ ఇచ్చారు. అక్క నిలబడే చివరి పేజీ తిప్పింది. ‘ఈమెను రోగుల దగ్గర ఒంటరిగా వదలవచ్చు.’ కింద సంతకం ఉంది. అక్క ఒకసారి కళ్లు మూసుకుని తెరిచి చూసింది. ఉంది. పక్కన తేదీ మాత్రం ఇవాళ్టిది కాదు.

“మేడం, తేదీ తప్పు పడింది. ఇది పోయిన శుక్రవారం.”

“తప్పు పడలేదు. ఆ ఫారం నువ్వు రాసిచ్చి అటు వెళ్లాక పెట్టాను.”

అక్క గొంతు తనే ఊహించనంత గట్టిగా వచ్చింది. “వారం రోజులు నాకు నిద్ర లేదు మేడం.”

“తెలుసు. కళ్ల కింద చూశాను.” కొలబద్ద కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అది లేకుండా ఆవిడ మొహం అలసిపోయిన మామూలు మొహంలా ఉంది. “చేతిపని వంకరపోతే దిద్దుతాను, ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాను. తప్పు చేశానని తనంతట తను వచ్చి చెప్పేదాన్ని మాత్రం నేను తయారు చేయలేను. నువ్వు వచ్చావు. ఇంక ఒంటరిగా వదలడానికి నాకేం భయం?”

“మరి అప్పుడే ఇవ్వలేదేం?”

“ఇస్తే సంబరంలో పడి ఆయన్ని వదిలేస్తావేమో అనుకున్నాను. వదిలేదానివి కాదని ఇప్పుడు తెలిసింది. నా అనుమానం తప్పు. ఏం చేస్తావు, అది కూడా ఫారం మీద రాస్తావా?”

అక్కకు నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా ఉంటుందో కొలబద్ద చూడదలుచుకోలేదు కాబోలు, కుర్చీ వెనక్కి జరిపి లేచారు. సోమవారం నుంచి ఇదే వార్డు, యూనిఫాం కొలతలు కింద ఆఫీసులో ఇవ్వమన్నారు. ఇవాళ మాత్రం ఇంకా గంటన్నర డ్యూటీ మిగిలే ఉందని గుర్తు చేశారు. పదకొండో నంబరుకు ఒంటిగంటకు మందు, నాలుగో నంబరు కట్టు తడిసిందేమో చూడాలి. తను కిందికి వెళ్లి భోంచేస్తానన్నారు. మూడో అంతస్తులో ఇంకో నర్సు ఎవరూ లేరు, తోటి పిల్లలు కూడా అప్పటికే కిందికి దిగిపోయారు. అది ఆవిడకు తెలుసు.

లిఫ్టు తలుపును చరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. అక్క కారిడార్‌లో లాగ్‌బుక్ గుండెలకు అదుముకుని నిలబడింది. పన్నెండు మంచాలు. ఆరు వారాలుగా ఏ పని మొదలుపెట్టినా ఎవరు చూస్తున్నారో అని వెనక్కి తిరగడం అలవాటైపోయిన మెడ, దానంతట అదే తిరిగింది. వెనక ఎవరూ లేరు. అక్క పుస్తకాన్ని టేబుల్ మీద పెట్టి, చేతులు కడుక్కుని, నాలుగో నంబరు కట్టు చూడటానికి వెళ్లింది.